మూతతో కొలవని మందు

ఆ ఆదివారం మందు కొలిచింది నేను.

ఈ మాట ఎక్కడో చివర్లో, వీలు చూసుకుని చెబుదామనుకున్నాను. అలా కుదరదు, మొదటే రాయాలని ఒకరు గట్టిగా అన్నారు. ఎవరన్నారో, ఎందుకన్నారో ప్రయాణం పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

రెండేళ్ళ కిందట ఇదే పత్రికలో బెజవాడ నుంచి బందరు వైపు వెళ్ళే కాలువ దారి గురించి రాశాను. అందులో నేను వర్ణించిన కాలువా పచ్చదనమూ ఎవరికీ గుర్తులేవు గాని, ఒక ముచ్చట మాత్రం చాలామందికి గుర్తుండిపోయింది. నేను విజయవాడలో పరిశోధన చేసే రోజుల్లో, నాతోపాటు పనిచేసే ఒకమ్మాయి పురుగుమందును గీతల గాజుగొట్టం పిపెట్‌తో కొలవకుండా పొలంలో కొలిచినట్టు డబ్బా మూతతో కొలిచి, పరీక్షకు తెచ్చిన పెంకుపురుగులన్నిటినీ వెల్లకిలా పడేసిందన్న ముచ్చట. భలే నవ్వొచ్చిందని ఫోన్లు చేసి మరీ చెప్పారు.

ఆ ముచ్చట అబద్ధం. ఆ అమ్మాయి పేరు సువర్ణ. మందు కొలిచిన వేళకు ఆమె చర్చిలో ఉంది.

అప్పట్లో మేమిద్దరం రైతుకు మేలు చేసే నేల పెంకుపురుగుల మీద పనిచేసేవాళ్ళం. నల్లగా నిగనిగలాడుతూ, చీకటి పడ్డాక నేల మీద తిరుగుతూ, పంటను కొరికే గొంగళిపురుగులను తినేసేవి. పైరుకు కొట్టే మందు వీటినెంత దెబ్బతీస్తుందో చూడడం మా పని. నావి మైలవరం మామిడితోటల్లోంచి తెచ్చినవి. ఆమెవి ఉయ్యూరు దాటాక వాళ్ళ ఊరి కాలువ గట్టు మీంచి తెచ్చినవి. జాతి ఒకటే. వాటికి పెట్టాల్సిన మందూ మోతాదూ ఒకటే. ఆ ఆదివారం ఆరాధనకు వెళ్తూ సువర్ణ, "నావాటికి కూడా నువ్వే పెట్టెయ్ రామ్మోహన్, నీ సీసాలోదే" అంది. ఒకే సీసాలోంచి, ఒకే పిపెట్‌తో రెండు పెట్టెలకూ పెట్టాను. తెల్లారేసరికి నా పురుగులు పరుగులు పెడుతున్నాయి. ఆమెవి చాలామటుకు కాళ్ళు పైకెత్తి పడున్నాయి.

"ఏమ్మా, మీ నాన్నలాగా మూతతో కొలిచావా?" అన్నారు మా గైడు. వాళ్ళ నాన్న ఊళ్ళోవాళ్ళ పొలాలకు మందు కొట్టే కూలి. గదంతా నవ్వింది. సువర్ణ నా వైపు చూసింది. నేను కూడా నవ్వాను.

ఆమె సెలవు చెప్పకుండా చర్చికి వెళ్ళిన సంగతి బయటపడుతుందని నోరు మూసుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. కొలిచింది నేనంటే నా ఫలితాలనూ అనుమానిస్తారు. ఆమె పరీక్షను పక్కన పెట్టేశారు. వానలు వెనకబట్టాయి, పురుగులు దొరకలేదు, ఆమె ఫెలోషిప్పు ఆగిపోయింది. సువర్ణ ఊరికి వెళ్ళిపోయింది. మైలవరం పురుగుల మీద నాకు పట్టా వచ్చింది.

ఈమధ్య క్లాసులో చెప్పడానికి ఏవో పాఠాలు తిరగేస్తుంటే ఒక సంగతి నా కంటబడింది. లోహాలతో చెడిన నేలలో తరాలుగా బతుకుతున్న పెంకుపురుగులు పైకి బాగానే ఉంటాయి గాని, ఇంకో విషం తగిలితే తొందరగా పడిపోవచ్చట. నాకు సువర్ణ వాళ్ళ కాలువ గట్టు గుర్తొచ్చింది. గట్టు పక్కన నగలకు పూత పెట్టే షెడ్డొకటి ఉండేది, అక్కడ కడిగిన నీళ్ళు బోదెలోకి, గట్టు మట్టిలోకి పోయేవి. వెంటనే ఆమె ఫోన్ నంబరు సంపాదించి చేశాను.

"రండి," అన్నారామె. "దారి మీకు తెలుసుగా. రాశారు కూడాను."

ఆ రెండో మాటలో ఉన్న ఎత్తిపొడుపు నాకప్పుడు తెలియలేదు.

మైలవరం

ఉత్తచేతులతో వెళ్ళడం ఇష్టంలేక ముందు మైలవరం వెళ్ళాను. అక్కడి పురుగుల్నీ, కాలువ గట్టు పురుగుల్నీ మళ్ళీ పక్కపక్కన పెట్టి చూడాలి, రుజువుతో మాట్లాడాలి అని నా ఆలోచన. కాపు అయిపోయిన ఒక మామిడితోటలో, తోట యజమాని వెంకటేశ్వరరావు గారి పాలేరు అనుమతితో, సాయంత్రం ప్లాస్టిక్ టీ గ్లాసులు అంచు దాకా మట్టిలో పాతి వచ్చాను. నడుస్తూ నడుస్తూ పురుగులు అందులో పడతాయి. పాలేరు ఆ సంగతి యజమానికి చెప్పడం మరిచిపోయాడు.

తెల్లవారి వెళ్తే వెంకటేశ్వరరావు గారే గట్టు మీద నిలబడి ఉన్నారు.

"గ్లాసులు పాతింది మీరేనాండీ? మా ఆవిడ చూసి, ఎవరో మనకు చేతబడి చేశారని ఇల్లు పీకి పందిరేసిందండీ. నిమ్మకాయ కోసం వెతికాం, దొరకలేదు."

క్షమించమని చెప్పి గ్లాసులు చూపించాను. ఆయన కూర్చుని ఒక్కో పురుగునూ పరీక్షగా చూశారు. "ఇవి మనకు మంచివాండీ? ఎన్నిటిని తొక్కుంటానో!" అన్నారు. మామిడి పక్కనే బెండ వేశారు. దానికి మందు కలుపుతుంటే చూశాను. డబ్బా మూతతోనే కొలుస్తున్నారు.

"ట్యాంకుకి ఎన్ని మూతలండీ?"

"రెండండీ. మూడోది నా ధైర్యానికి."

నవ్వాను. నవ్విన మరుక్షణం నా నవ్వు నాకే వినిపించింది. మూతతో కొలవడం ఈ దేశంలో ప్రతి పొలంలోనూ ఉన్న పద్ధతి. దాన్ని ఒక్క మనిషి కూతురి నెత్తిన ఎలా రుద్దగలిగామో!

ఆయన ఇంట్లో ఇడ్లీ పెట్టారు, అల్లం పచ్చడి, కారప్పొడి, పైన నెయ్యి. మా నంద్యాల వైపు పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తింటామని చెప్పాను. "ఉగ్గానంటే ఏంటండీ?" అన్నారావిడ. బొరుగులు, అదే మీ మరమరాలు, నానబెట్టి తాలింపు వేస్తామన్నాను. "అయ్యో, బొరుగులు పిల్లలు తింటారు గదండీ!" అని జాలిపడి ఇంకో రెండు ఇడ్లీలు వేశారు. పురుగుల కోసం ఖాళీ ఆవకాయ డబ్బా ఇచ్చి, మూతకు మేకుతో చిల్లులు పెట్టింది కూడా ఆవిడే. చేతబడి కాదని తేలాక ఆవిడకు నా మీద చాలా దయ కలిగింది.

మంగళగిరి

పురుగుల డబ్బాతో మంగళగిరి ఎందుకంటే, చీర కోసం. సువర్ణ గారింటికి ఏదో ఒకటి పట్టుకెళ్ళాలి. పండ్లయితే మరీ ఆస్పత్రికి వెళ్ళినట్టు ఉంటుంది.

మగ్గాల వీధిలో ఒక చిన్న కొట్టు. అమ్మేది నడివయసు ఆవిడ, చేతులకంటే మాటలు వేగం.

"ఎవరికి సార్, మేడమ్ గారికా?"

"కాదండీ."

"చెల్లెలు గారికా?"

"కాదు. తెలిసినావిడకి."

ఆవిడ చేతిలోని ఎర్రచీర మడిచి లోపల పెట్టేసింది. "తెలిసినావిడకైతే ఎరుపొద్దు సార్. నీలం తీసుకోండి, గొడవుండదు."

రెండు వేల రెండొందలు చెప్పింది. తీసి ఇచ్చాను. ఆవిడకు నచ్చలేదు. "బేరమాడని మగాళ్ళు రెండు రకాలే సార్. కొత్తగా పెళ్ళైనోళ్ళు, గొడవపడి వచ్చినోళ్ళు. మీకు పెళ్ళై చాలా ఏళ్ళయినట్టుంది." పక్క కొట్టావిడ కూడా నవ్వింది. నూటయాభై నాకు తిరిగిచ్చింది, నేను అడగకపోయినా.

కొండ మీద స్వామికి పానకం పోస్తారు. ఎంత పోసినా సగం తాగి, సగం భక్తుడికే వదిలేస్తాడని ఇక్కడివాళ్ళ నమ్మకం. నాకిచ్చిన సగం తాగుతూ ఎండలో మెట్ల మీద కూర్చున్నాను. బెల్లం, మిరియాలు, కొంచెం యాలకుల వాసన. సగం చెప్పి సగం మింగే అలవాటు నాకూ ఉంది. స్వామిదైతే మహిమ అంటారు.

బెంజ్ సర్కిల్

నేను చదువుకునే రోజుల్లో బెంజ్ సర్కిల్ దగ్గర రోడ్డు దాటాలంటే దేవుణ్ణి తలచుకునేవాళ్ళం. ఇప్పుడు పైన వంతెన పడింది, తలచుకోవడం మాత్రం తగ్గలేదు. ముప్పై రూపాయలకు పొట్లం నిండా పునుగులు, పైన పల్చటి పల్లీ చట్నీ. మా ఊళ్ళో చట్నీ అడిగితే పోస్తారు. ఇక్కడ వద్దన్నా పోస్తారు, "వేసుకోండీ" అంటూ.

ఉయ్యూరు బస్సు కిటకిటలాడుతోంది. ఒళ్ళో చీర సంచీ, కాళ్ళ దగ్గర ఆవకాయ డబ్బా. బస్సు ఒక ఆటోను తప్పించి గట్టిగా బ్రేకు వేసింది. డబ్బా దొర్లింది. మూత ఊడిపోయింది.

"అమ్మో, బొద్దింకలు!" అని ముందు సీటావిడ కాళ్ళు పైన పెట్టేసుకుంది.

"బొద్దింకలు కాదండీ, పెంకుపురుగులు. రైతుకు మంచివి."

"అంత మంచివైతే మీ చొక్కాలో వేసుకోండి!"

నేను సీట్ల కింద పాకుతూ ఏరుకుంటుంటే కండక్టరు నా నెత్తి మీద నిలబడి, "సార్, వీటికి టిక్కెట్ తీసుకున్నారా?" అన్నాడు. వెనక నుంచి ఒక పెద్దావిడ అందుకుంది: "ఆడవైతే ఫ్రీయే గదా నాయనా. మగవాటికి మాత్రం కొట్టు." బస్సంతా ఘొల్లుమంది. అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు, నేను మోకాళ్ళ మీద ఉన్నాను, ఒక్కరూ నా వైపు మాట్లాడేవాళ్ళు లేరు. అది సరదా నవ్వే. అయినా చెవులు వేడెక్కాయి.

సగం పురుగులే దొరికాయి. మిగతావి బందరు దాకా ఉచితంగా వెళ్ళుంటాయి.

కాలువ వెంట

కంకిపాడు దాటాక ఎడమా కుడీ నీళ్ళే. కొత్తగా నాట్లు పడిన మళ్ళు, గట్ల మీద కొబ్బరి, మధ్యమధ్య చెరకు. నీళ్ళ కోసం బోరు మీద బోరు వేసే ఊరి నుంచి వచ్చినవాడికి, ఇక్కడ నీళ్ళను లెక్కచేయకపోవడం చూస్తే కొంచెం అసూయగానే ఉంటుంది. ఉయ్యూరులో ఇరవై రూపాయల చెరకు రసం తాగి, ఆటో ఎక్కాను.

దారిలో పురుగుల సంగతే ఆలోచించాను. రాగి, నికెల్, కాడ్మియం లాంటి లోహాలు మట్టిలో ఒకసారి చేరితే ఆకులాగా కుళ్ళిపోవు. షెడ్డు మూతపడినా, మనుషులు మరిచిపోయినా అవి అక్కడే ఉంటాయి. ఆ మట్టిలోనే పురుగు గుడ్డు పెడుతుంది, ఆ మట్టిలోనే దాని పిల్ల పెరుగుతుంది. ఒంట్లో చేరిన లోహాన్ని కట్టడి చేయడానికీ బయటికి పంపడానికీ రోజూ తన బలంలో కొంత ఖర్చుపెడుతుంది. అయినా తింటుంది, పరుగెడుతుంది, చూసేవాళ్ళకు ఏ లోటూ కనిపించదు. పైనుంచి పురుగుమందు పడిన రోజున మాత్రం, శుభ్రమైన నేల పురుగు తట్టుకున్న మోతాదుకే ఇది కూలిపోవచ్చు. అన్ని పురుగులకూ, అన్ని లోహాలకూ ఇలాగే జరుగుతుందని లేదు; కొన్ని చోట్ల వేరుగానూ జరుగుతుందట. కాని మా రెండు పెట్టెల చిక్కుముడికి ఇంతకంటే సరిపోయే జవాబు నాకు దొరకలేదు.

ఆ జవాబు నాకు ఎంత హాయినిచ్చిందో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. మందు ఎక్కువ కాలేదు, లోహం పనిచేసింది. అంటే తప్పు ఎవరిదీ కాదన్నమాట. ఆ 'ఎవరిదీ'లో నన్ను నేను కలుపుకుని, కాలువ మీది గాలి పీల్చుకుంటూ వెళ్ళాను.

వరండాలో

ఊరి పేరు రాయొద్దన్నారు సువర్ణ గారు. అక్కడి ఆకుకూరలు పక్క ఊళ్ళకు వెళ్తాయి. మట్టిని పరీక్ష చేయించకముందే పేరు పాడుచేయకూడదని. ఆమె ఇప్పుడు హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతారు. భర్త ప్రసాద్ గారు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు, చర్చిలో పాటలు పాడిస్తారు. గేటు తీసింది ఆయనే. నన్ను కిందా పైనా చూశారు.

"మూత గురించి రాసిన ఆయన మీరేనాండీ?"

అప్పుడు అర్థమైంది, ఫోన్‌లో ఆమె అన్న మాట.

ముందు అన్నం పెట్టారు. గోంగూర రొయ్యలు, ముద్దపప్పు, పచ్చి ఉల్లిపాయ. మా వైపు గోంగూరలో పల్లీలు వేస్తాం గాని రొయ్యలు ఎప్పుడూ చూడలేదు. మాట పెగలనివాడికి కూడా రెండోసారి అడగబుద్ధేసేలా ఉంది. ఆకలి తీరేదాకా ఎవరూ పాత సంగతి ఎత్తలేదు. ఈ ప్రాంతపు మర్యాద అలాంటిది. తిట్టాలన్నా విస్తరి ఎత్తాకే.

తర్వాత వరండాలో డబ్బా తెరిచి పురుగుల్ని చూపించి, లోహాల సంగతంతా చెప్పాను. చాలా బాగా చెప్పాను, పాఠంలాగా. ఇక్కడి పురుగుల్ని కూడా పట్టి, రెంటికీ మళ్ళీ అదే మందు పెట్టి చూద్దామన్నాను.

ఆమె అంతా విన్నారు. ఒక పురుగును వేలి మీదికి ఎక్కించుకుని తిప్పితిప్పి చూశారు. కళ్ళలో పాత ఆసక్తి ఒక్క క్షణం మెరిసింది. తర్వాత దాన్ని డబ్బాలో వదిలేశారు.

"లోహం సంగతి బావుందండీ. నాకూ అప్పుడే అనుమానం వచ్చింది, ఆ షెడ్డు మీద. చెప్పుకునేందుకు ఎవరూ మిగల్లేదు. కాని రామ్మోహన్ గారూ, పురుగులు ఎందుకు చచ్చాయో తెలుసుకోవడానికి పరీక్ష కావాలి. మందు ఎవరు కొలిచారో తెలుసుకోవడానికి కూడా కావాలా?"

అప్పట్లో 'నువ్వు' అనేది. ఇప్పుడు 'మీరు', 'అండీ'.

"ఒక్క జోకుకే చదువు మానేస్తావా అని మా నాన్న అడిగారు. ఒక్కటి కాదు నాన్నా అన్నాను," అన్నారామె. "రోజూ ఏదో ఒకటి ఉండేది. నా మాట తీరు, నా చెప్పులు, ఆదివారాలు. అవన్నీ మోసుకుంటూనే చదివాను, బానే ఉన్నాననే అనుకున్నారందరూ. ఆ రోజు మాత్రం మీరు చెబుతారనుకున్నాను."

ప్రసాద్ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, ఎవరికో చెబుతున్నట్టు, "మీరు రాసింది మా మామగారు కూడా చదివారండీ. పేపరు మడిచి పెట్టేశారు. ఆర్నెల్లకు పోయారు" అన్నారు.

నేను చీర సంచీ ముందుకు జరిపి, క్షమించమని అనబోయాను. సువర్ణ గారు చెయ్యి అడ్డం పెట్టారు. సంచీ మాత్రం అందుకుని, చీర విప్పి, అంచు వెలుతురులో పెట్టి చూశారు.

"నీలం బావుంది. చీర తీసుకుంటాను. క్షమాపణ మాత్రం ఇక్కడ తీసుకోను."

"మరి ఎక్కడండీ?"

"ఈ వరండాలో చెబితే మా ఆయనా, ఆ కోడిపెట్టా తప్ప ఎవరు వింటారు? ఎక్కడ నవ్వించారో అక్కడే చెప్పండి. మొదటి వాక్యంలో చెప్పండి. చివర్లో రాస్తే అప్పటికి సగంమంది పేజీ తిప్పేస్తారు."

"మీ పేరు రాయొచ్చా?"

"రాయాలి. అప్పుడు రాయకపోయినా, తెలియాల్సినవాళ్ళందరికీ నేనేనని తెలిసింది. ఇప్పుడు తెలియనివాళ్ళకు కూడా తెలియనివ్వండి."

"జరిగిన పొరపాటుకు..." అని మొదలుపెట్టాను.

"పొరపాటంటే తెలియక చేసేదండీ. మా పిల్లలకు అదే చెబుతాను."

గట్టు మీద

ఎండ తగ్గాక ఆమే కాలువ గట్టుకు తీసుకెళ్ళారు. షెడ్డు గోడ ఒకటి మిగిలింది, దాని మీద బచ్చలితీగ పాకింది. ఆమె చెప్పు మొనతో ఒక మట్టిపెళ్ళను పక్కకు తోశారు. కింద నుంచి రెండు పెంకుపురుగులు చటుక్కున బయటికొచ్చి గడ్డిలోకి పరుగెత్తాయి. నిగనిగలాడుతున్నాయి. నా డబ్బాలోవాటికీ వీటికీ తేడా చెప్పమంటే నేను చెప్పలేను.

"బానే ఉన్నాయి కదా చూడ్డానికి," అన్నారామె.

మట్టిని పరీక్షకు పంపే సంగతి ఇద్దరం మాట్లాడుకున్నాం. ఆ పని ఆమెది, ఆమె ఊరిది. నేను సాయానికి పిలిస్తే వెళ్తాను. చీకటి పడబోతుంటే నా డబ్బా మూత తీసి పురుగుల్ని గట్టు మీద వదలబోయాను.

"ఇక్కడొద్దండీ బాబూ! వాటికేం ఖర్మ? తెచ్చినచోటికే మోసుకెళ్ళండి."

మోసుకెళ్ళాను. ఈసారి మూతకు తాడు కట్టాను. వెంకటేశ్వరరావు గారి భార్య ఆవకాయ డబ్బా తిరిగొచ్చినందుకు ఆశ్చర్యపోయి, మళ్ళీ ఇడ్లీలు పెట్టారు. పురుగులు మామిడాకుల కిందికి వెళ్ళిపోయాయి.

అచ్చుకు పంపేముందు చదివి వినిపించమంటారా అని ఆ సాయంత్రం తిరుగు బస్సెక్కేటప్పుడు సువర్ణ గారిని అడిగాను. వద్దు, అందరితోపాటే చూసుకుంటానన్నారు. కనుక ఇది ఆమె కూడా ఇప్పుడే చదువుతున్నారు.

సువర్ణ గారూ, ఆ ఆదివారం మీరు గదిలో లేరు. మందు కొలిచింది నేను, రెండు పెట్టెలకూ పెట్టింది నేను. మర్నాడు మీరు నా వైపు చూసినప్పుడు ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే నవ్వాను. రెండేళ్ళ కిందట తెలిసే రాశాను. మీ నాన్నగారు చదివిన కాగితం మీద నా పేరుంది, నిజం లేదు. ఆయనకు చెప్పే వీలు పోగొట్టుకున్నాను. ఇది పొరపాటు కాదు, తప్పు. నన్ను క్షమించండి.